పారేసిన తొక్కలో దాగిన మేలు



మా అమ్మ బీరకాయ వండిన రోజున చెక్కిన పొట్టును ఎన్నడూ పారవేసేది కాదు. ఆ పొట్టును నూనెలో వేయించి, ఎండుమిర్చి, చింతపండు చేర్చి రోట్లో నూరేది. పుచ్చకాయ తింటే ఎర్రని గుజ్జు మా పిల్లలకు, తొక్కకు అంటుకొని ఉన్న తెల్లని భాగం మరునాటి కూరకు. "వండడం తెలిసిన ఇంట్లో పెంటకుప్ప చిన్నదిగా ఉంటుంది" అనేది ఆమె. అది పేదరికం నేర్పిన పాఠమని అప్పట్లో అనుకున్నాను. అందులో జ్ఞానం కూడా ఉందని తెలుసుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. తెలుసుకొనే దారిలో నేను చేసిన పొరపాటు వలన మా ఇంటిలో ఒక నష్టం కూడా జరిగింది. మీలో ఏ తల్లీ ఆ పొరపాటు చేయకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల మామిడి తోట ఉంది. అందులో ఎక్కువ చెట్లు తోతాపురివి. ఈ కాయ రసానికీ గుజ్జుకూ పెట్టింది పేరు. దేశంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్న చోట్లు రెండు. ఒకటి మా చిత్తూరు ప్రాంతం, రెండవది పొరుగున తమిళనాడులోని కృష్ణగిరి. జూన్, జూలై నెలల్లో మా రోడ్ల మీద కాయల ట్రాక్టర్లు రాత్రీ పగలూ బారులు తీరి ఉంటాయి.

ఆ గుజ్జు డబ్బాల్లోకి ఎక్కి దేశదేశాలకు పోతుంది. మరి మిగిలినదో? నూరు కిలోల కాయ లోపలికి పోతే ఇంచుమించు 35 నుండి 50 కిలోల వరకు తొక్క, టెంక, పీచుగా బయటికి వస్తుంది. తొక్క ఒక్కటే 15 నుండి 20 కిలోలు. కొంత పశువులకు పోతుంది, కొంత ఎరువుకు పోతుంది. కొంత మాత్రం, నేను కళ్ళారా చూసిన సంగతి, రాత్రివేళ వచ్చి వాగు గట్టున కుమ్మరించి పోయేవారు. ఒక్క దినంలో పులిసిపోతుంది. రెండవ దినానికి ఈగలు ముసురుతాయి. మూడవ దినానికి ఆ దారిన ముక్కు మూసుకొని నడవాలి. ఆ కుప్పలో మన ఆరోగ్యానికి పనికివచ్చేది ఏదైనా ఉందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేదాన్ని.

2022 వేసవిలో మావారికి షుగరు వ్యాధి వచ్చి పదకొండేళ్ళు. రోజూ బిళ్ళలు వేసుకోవడం ఆయనకు విసుగు. ఆ రోజుల్లో సంతలో ఒకతను పొడి పొట్లాలు అమ్ముతూ కనిపించాడు. మామిడి తొక్క, మామిడి జీడి కలిపి దంచిన పొడి అట. పొట్లంతో పాటు ఒక కాగితం ఇచ్చాడు. అందులో శాస్త్రవేత్తల పరిశోధనల మాట ఉంది, ఏవేవో రసాయనాల పేర్లు ఉన్నాయి. 'నలభై దినాల్లో షుగరు మాయం, బిళ్ళలతో పని లేదు' అని పెద్ద అక్షరాలతో ఉంది. మన తోటలో దొరికేదే కదా, దానివలన కీడేమిటి అనుకున్నాను. నాలుగు పొట్లాలు కొన్నాను. నేనే ఉదయమూ సాయంకాలమూ మజ్జిగలో కలిపి ఇచ్చాను. "ఏమండీ, రెండు నెలలు బిళ్ళలు ఆపి చూద్దాం" అన్న మాట కూడా నాదే.

రెండు నెలలు కాకముందే ఆయన కుడి కాలి చిటికెన వేలికి ముల్లు గుచ్చుకొని పుండయింది. మానలేదు. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతే రక్తంలో చక్కెర 412 ఉంది. వేలు తీసివేయక తప్పలేదు. డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. "బిళ్ళలు ఎప్పుడు ఆపారమ్మా?" అని మాత్రం అడిగారు. నేను తల ఎత్తలేకపోయాను. మావారు మంచం మీదనుండే, "పోనీలే, నువ్వు మంచికే కదా చేసినావు" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా ఎక్కువగా గుచ్చింది.

ఇంటికి వచ్చాక మిగిలిన పొట్లం తీసి పొయ్యిలో వేయబోతుండగా మా తమ్ముడి కూతురు వచ్చింది. ఆ అమ్మాయి మైసూరులో ఆహార శాస్త్రం చదువుకుంటోంది. "అత్తా, తప్పు మామిడి తొక్కది కాదు. ఆ కాగితానిది" అంది. నాకు కోపం వచ్చింది. "అయితే ఆ తొక్కలో ఏముందో నాకు చూపించు" అన్నాను.

మరునాడు చూపించింది. పది మామిడి పండ్ల తొక్కలు బాగా కడిగి, నీళ్ళు పోసి, ఒక నిమ్మకాయ పిండి, అరగంట సన్నని సెగ మీద ఉడికించింది. పలుచని గుడ్డలో వడగట్టింది. చిక్కని, జిగటగా ఉన్న నీళ్ళు దిగాయి. ఒక గాజు గ్లాసులో ఆ నీళ్ళు ఒక చెంచాడు వేసి, మందుల షాపులో తెచ్చిన స్పిరిట్ మెల్లగా పోసింది. కొంచెంసేపటికి గ్లాసులో మెత్తని గడ్డ కట్టింది, నీళ్ళలో నానిన సబ్జా గింజ మీది పొరవలె. "ఇది పెక్టిన్ అత్తా. దీన్ని నోట్లో పెట్టకు, స్పిరిట్ విషం. ఇది పరీక్ష మాత్రమే" అని చెప్పి పారబోసి గ్లాసు కడిగింది. జామకాయ జెల్లీ చేసేవారు జెల్లీ గడ్డకడుతుందో లేదో చూసుకొనేది కూడా ఈ పరీక్షతోనే అట.

తరువాత వరండాలో కూర్చుని నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. తొక్క నోట్లో పెట్టుకుంటే మనకు ఏమి తెలుస్తుంది? ముందు వగరు. ఆ వగరే పాలీఫినాల్స్ అనే పదార్థాలు. కాయను పురుగునుండి, ఎండనుండి కాపాడడానికి చెట్టు వాటిని పైపొరలో దాచుకుంటుంది. రెండవది పసుపు రంగు. అది కెరోటినాయిడ్లు. వాటిలో కొన్ని మన ఒంట్లో విటమిన్ ఎ గా మారి కంటికి మేలు చేస్తాయి. మూడవది నమిలినా నలగని పీచు. నాలుగవది ఉడికిస్తే దిగే జిగురు, అంటే మనం గ్లాసులో చూసిన పెక్టిన్. పండులో మెత్తని గుజ్జు మనం తిని, ఈ నాలుగూ ఎక్కువగా ఉన్న భాగాన్ని పారేస్తున్నామన్నమాట. నాకు మా అమ్మ బీరపొట్టు పచ్చడి జ్ఞాపకం వచ్చింది.

మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. 1950లో ప్రారంభమైంది. అక్కడి శాస్త్రవేత్తలు మామిడి తొక్క మీద చేసిన పని 2007, 2008 సంవత్సరాల్లో ప్రచురించారు. ఎండిన తొక్కలో పీచు 45 నుండి 78 శాతం వరకు ఉందని కనుగొన్నారు. పచ్చికాయ తొక్కకంటె పండిన కాయ తొక్కలో పీచు, కెరోటినాయిడ్లు ఎక్కువ. తరువాత ఆ తొక్కను ఎండబెట్టి పొడి చేసి బిస్కెట్ల పిండిలో కలిపి చూశారు. నూటికి ఇరవై పాళ్ళు కలిపితే బిస్కెట్లలో పీచు 6.5 శాతం నుండి 20.7 శాతానికి పెరిగింది. అయితే తిన్నవారికి నచ్చింది పది పాళ్ళు కలిపిన బిస్కెట్టు. అందులో మామిడి వాసన కూడా వచ్చిందట. మా మేనకోడలు ఇది చెప్పి, "చూడు అత్తా, శాస్త్రవేత్తలు మందు అనలేదు, బిస్కెట్టు అన్నారు" అంది. ఆ ఒక్క మాట నా కళ్ళు తెరిచింది.

నేను వదల్లేదు. "అయితే షుగరుకు పనికిరాదా?" అని అడిగాను. పరీక్ష నాళికలో ఒక పదార్థం పని చేయడం వేరు, ఎలుకలో పని చేయడం వేరు, రోజూ అన్నం తినే మనిషిలో పని చేయడం వేరు అని చెప్పింది. ఐరోపా దేశాల వారు ఇలాంటి మాటలన్నింటినీ జల్లెడ పట్టారట. పండ్లలోని ఫలానా పదార్థం శరీరాన్ని కాపాడుతుందని వచ్చిన అనేక దరఖాస్తులను ఆధారాలు చాలవని తోసివేశారు. పెక్టిన్ విషయంలో మాత్రం 2012లో రెండు మాటలు చెప్పుకోవడానికి అనుమతించారు. దినానికి 6 గ్రాములు తీసుకుంటే కొలెస్టరాల్ మామూలు స్థాయిలో ఉండడానికి సాయపడుతుంది. భోజనంతో పాటు 10 గ్రాములు తీసుకుంటే, ఆ భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరగడం కొంత తగ్గుతుంది. అంతే. అది కూడా నీళ్ళు బాగా త్రాగుతూ తీసుకోవాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. 'షుగరు మాయం' అని ఎవరూ అనలేదు. బిళ్ళలు ఆపమని ఎవరూ అనలేదు.

అంతేకాదు, మన దేశంలో 1954లోనే ఒక చట్టం వచ్చింది. మందులు, మాయ చికిత్సల ప్రకటనలను గూర్చిన ఆ చట్టం ప్రకారం, మధుమేహాన్ని నయం చేస్తామని మందును ప్రకటించడమే నేరం. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ కాగితాన్ని చదవగానే చింపివేసి ఉండేదాన్ని. అది నమ్మించిన మాటే దాని నేరానికి సాక్ష్యం.

ఇక టెంక సంగతి. టెంక పగులగొడితే లోపల జీడి ఉంటుంది. అందులో పిండి పదార్థం ఎక్కువ, కొవ్వు కొంత ఉంటుంది. ఆ కొవ్వు చాక్లెట్లలో వాడే కోకో వెన్నను పోలి ఉంటుంది. ఐరోపా దేశాలు 2000 సంవత్సరంలో చేసిన చట్టం ప్రకారం చాక్లెట్‌లో 5 శాతం మించకుండా ఆరు రకాల చెట్ల కొవ్వులు కలపవచ్చు. వాటిలో మన సాల గింజల కొవ్వు, మన మామిడి జీడి కొవ్వు ఉన్నాయి. మన వాగు గట్టున కుళ్ళే టెంక, ఎక్కడో ఒక పిల్లవాడి చేతిలో చాక్లెట్ కాగలదు!

అయితే అదే జీడి ప్రాణాలు తీసిన సంఘటనలు కూడా ఉన్నాయి. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో గిరిజనులు పలువురు మరణించారు. వారు తిన్నది మామిడి జీడి అంబలి. ఆకలి వలన చనిపోయారా, చెడిపోయిన జీడి వలన చనిపోయారా అని దేశమంతా వాదించుకుంది. తినడానికి బియ్యం ఉంటే ఆ అంబలి కాచుకొనేవారు కాదు కదా! మళ్ళీ 2024లో అదే రాష్ట్రంలోని కంధమాల్ జిల్లాలో ఆ అంబలి తిని స్త్రీలు మరణించారు. తరతరాలుగా గిరిజనులు జీడిని పలుమార్లు నీళ్ళలో నానబెట్టి, వగరు పోయేలా కడిగి, ఎండబెట్టి వాడుతూనే ఉన్నారు. కాని వానకాలంలో తడి తగిలి బూజు పడితే అదే ఆహారం విషమవుతుంది. బూజు విషం ఉడికించినా పూర్తిగా పోదు.

ఇది వినిన తరువాత నాకు ఒక సంగతి స్పష్టమైంది. పారేసిన దానిలో మేలు ఉన్నది నిజమే. కాని ఆ మేలు తనంతట తాను మన దగ్గరకు రాదు. శుభ్రంగా తీయాలి, కొలతగా వాడాలి, ఉన్నదానికంటె ఎక్కువ చెప్పకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా మేలు కీడవుతుంది. ఐదు రొట్టెలు పంచిన నాడు మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తారని మనమందరం చిన్నప్పుడే విన్నాం. వాటిని గంపలలోనికి ఎత్తారు, నేలమీద కుప్పగా వదలలేదు. ఆ తేడా నాకు ఇప్పుడు అర్థమైంది.

2023 సీజనులో మా పొదుపు సంఘం స్త్రీలు పన్నెండుమందిమి కలిసి తొక్కలు ఎండబెట్టి చూద్దామనుకున్నాం. మొదటిసారి డాబా మీద పట్టాలు పరిచి ఎండబెట్టాం. రెండవ నాడు మబ్బు పట్టింది. మూడవ నాటికి తొక్క నల్లబడి, అడుగున తెల్లని బూజు కనిపించింది. పై వరుస బాగానే ఉంది, అది ఏరుకుందామని కొందరన్నారు. మా మేనకోడలు ఫోనులోనే, "ఒక్క ముక్క కూడా ఉంచకండి" అంది. నలభై కిలోలూ ఎరువు గుంటలో వేశాం. మనసు చివుక్కుమంది. అయినా ఒక వేలు పోగొట్టుకున్న ఇంటిదాన్ని గనుక ఎదురు చెప్పలేదు.

రెండవసారి ఆ అమ్మాయే వచ్చి నేర్పింది. మా తోట కాయలే, మందు కొట్టి ఎన్నాళ్ళయిందో లెక్క తెలిసినవే తీసుకున్నాం. కార్బైడ్ పెట్టి మాగబెట్టినవి దగ్గరకు రానీయలేదు. మన దేశంలో కార్బైడ్‌తో మాగబెట్టడం నిషిద్ధమే గదా! తొడిమ దగ్గరి సొన పోయేలా కాయలు బాగా కడిగాం. మామిడి, జీడిమామిడి, చాకలివారు గుడ్డలకు గుర్తు పెట్టే నల్లజీడి, ఇవన్నీ ఒకే కుటుంబం చెట్లు. సొన తగిలితే కొందరికి ఒళ్ళు పొక్కుతుంది, అలాంటివారు తొక్క పొడి జోలికే పోకూడదు. తీసిన తొక్కను అదే గంటలో మరిగే నీళ్ళలో ముంచి తీస్తే నల్లబడదు. ఆ తరువాత గాజు కప్పు ఉన్న సోలార్ పెట్టెలో, చేతితో విరిస్తే పెళపెళ విరిగేదాకా ఎండబెట్టి, పొడి చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టాం.

ఆ పొడి పది పాళ్ళు, గోధుమపిండి తొంభై పాళ్ళు కలిపి బిస్కెట్లు చేసుకున్నాం. మా మనుమరాలు మొదట మూతి ముడిచి, తరువాత రెండు తింది. అమ్మడానికి మాత్రం మేము ఇంకా సిద్ధపడలేదు. తినే వస్తువు అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల నంబరు కావాలి, పొడిలో పురుగుమందుల శేషం లేదని పరీక్ష చేయించాలి. "ఇంట్లో చేసినదే కదా, ఎవరడుగుతారు?" అన్నారు కొందరు. నాకు పొట్లం అమ్మిన అతను కూడా అలాగే అనుకొని ఉంటాడు.

ఈ పని మంచిగా సాగితే రైతుకు కూడా ఆసరా. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు సాయం ప్రకటించవలసి వచ్చింది. కాయకు గుజ్జు ధర మాత్రమే కాక తొక్కకూ టెంకకూ విలువ కడితే, ఆ విలువలో రైతుకు వాటా దక్కితే, అలాంటి ఏడు కొంచెం సులువుగా గడుస్తుంది. వాగూ శుభ్రంగా ఉంటుంది.

ప్రియమైన తల్లులారా, యంత్రాలు, పొడులు లేకపోయినా ఈ మేలు మన వంటింట్లోనే చాలావరకు దొరుకుతుంది. పండును రసం తీసి పిప్పి పారవేయడం కంటె పండుగానే తినండి. బత్తాయి తొనలను సన్నని పొరతో సహా తినండి, జామపండును కడిగి తొక్కతోనే పిల్లలకివ్వండి. మనం పిప్పి అని పారేసేదానిలోనే పీచు ఎక్కువ. కాని ఏ పొట్లం మీదనైనా 'బిళ్ళలు ఆపేయండి' అని వ్రాసి ఉంటే, దానిని తెచ్చినవాడు మీ బంధువే అయినా సరే, ఇంటిలోనికి రానీయకండి. డాక్టరును అడగకుండా ఒక్క పూట బిళ్ళ కూడా మానవద్దు.

మావారు ఇప్పుడు ఉదయం బిళ్ళ వేసుకున్నాకే టిఫిను ముందు కూర్చుంటారు. ముల్లు గుచ్చుకోని చెప్పులు వేసుకొని తోటకు పోతారు. సీజనులో డాక్టరుగారు చెప్పిన కొలతకు ఒక చిన్న ముక్క మామిడి తింటారు. నిన్న బీరకాయ తెచ్చారు. కూరకు తరుగుతూ ఉంటే ప్రక్కన కూర్చుని, "ఆ పొట్టు పారేయకు, పచ్చడి చెయ్యి" అన్నారు. చేశాను. ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.